బ్రిటన్ ఎన్నికలు: మేనిఫెస్టో హామీలను, సర్వే అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు?

ఎర్లీ నివాసి (ప్రశ్న), 20 జూన్ 2024

అందరికీ నమస్కారం. నేను రెడింగ్ పక్కన లోయర్ ఎర్లీలో ఉంటున్నాను, స్కిల్డ్ వర్కర్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ నివసించే భారత పౌరులు కామన్వెల్త్ పౌరుల హోదాలో పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చని తెలిసి, మొన్న 18వ తేదీతో ముగిసిన గడువులోపే పేరు నమోదు చేయించుకున్నాను. జూలై 4న ఈ దేశంలో నా మొదటి ఓటు వేయబోతున్నాను. తెలిసి వేయాలన్న పట్టుదలతో ఈ మధ్య సాయంత్రాలన్నీ మేనిఫెస్టోలు చదవడానికే కేటాయించాను. చదివిన కొద్దీ సందేహాలు పెరిగాయి కనుక ఇక్కడ అడుగుతున్నాను.

మొదటి సందేహం హామీల గురించి. కన్జర్వేటివ్ పార్టీ ఉద్యోగుల జీతం నుంచి పెన్షన్ వంటి వాటికి కోసే నేషనల్ ఇన్సూరెన్స్‌ను 2027 ఏప్రిల్ నాటికి 8 శాతం నుంచి 6 శాతానికి తగ్గిస్తామని, పద్దెనిమిదేళ్ల వారికి జాతీయ సేవ తప్పనిసరి చేస్తామని చెబుతోంది. లేబర్ పార్టీ ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, వ్యాట్ రేట్లు పెంచబోమని, ఆసుపత్రుల్లో వారానికి 40 వేల అపాయింట్‌మెంట్లు అదనంగా ఇస్తామని, అయిదేళ్లలో 15 లక్షల ఇళ్లు కట్టిస్తామని అంటోంది. ఒకరు పన్ను తగ్గిస్తామంటూ సేవలు తగ్గవంటారు, ఇంకొకరు పన్ను పెంచకుండానే సేవలు మెరుగవుతాయంటారు. ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? గెలిచాక ఈ మాటలకు ఎవరు జవాబుదారీ?

రెండో సందేహం సర్వేల గురించి. నిన్న ఒక్క రోజే మూడు పెద్ద సర్వేలు వెలువడ్డాయి. కన్జర్వేటివ్ పార్టీకి యూగవ్ 108 సీట్లు ఇచ్చింది, మోర్ ఇన్ కామన్ 155 ఇచ్చింది, సవాంటా 53 మాత్రమే ఇచ్చింది. ఒకే దేశాన్ని, దాదాపు ఒకే సమయంలో కొలిచిన వారి మధ్య మూడు రెట్ల తేడా ఎలా వస్తుంది? మన దగ్గర ఈ నెల మొదటి తేదీన ఎగ్జిట్ పోల్స్ ఎన్డీయేకు 350కి పైగా సీట్లు కట్టబెడితే, నాలుగో తేదీన 293 వచ్చాయి. ఇక్కడి సర్వేలు అంతకంటే నమ్మదగినవేనా?

మరొక మాట. మా ఎర్లీ అండ్ వుడ్లీ నియోజకవర్గం చుట్టుపక్కల పాత నియోజకవర్గాల ముక్కలతో ఈసారే కొత్తగా ఏర్పడింది. నిన్న తలుపు సందులోంచి ఒక పార్టీ కరపత్రం పడింది. అందులో మూడు రంగుల నిలువు పట్టీలు గీసి, "ఇక్కడ పోటీ మా ఇద్దరి మధ్యనే, మూడో పార్టీకి వేస్తే ఓటు వృథా" అని రాశారు. పట్టీల ఎత్తులకు, పక్కన వేసిన శాతాలకు పొంతన లేదు. అడుగున కంటికి ఆననంత చిన్న అక్షరాలలో అవి స్థానిక కౌన్సిల్ ఎన్నికల అంకెలని ఉంది. ఇలాంటి వాటిని ఆధారంగా తీసుకోవచ్చా? తెలిసిన వారు ఓపికగా చెప్పగలరని కోరుతున్నాను.

---

సర్వే లెక్కలు, 20 జూన్ 2024

ఎర్లీ నివాసి గారికి నమస్కారం. నేను గణాంక శాస్త్రం చదువుకుని, ఆ పనిలోనే ఉన్నాను కనుక రెండో సందేహానికి జవాబిస్తాను.

ముందుగా ఒక తేడా గమనించండి. మీరు చెప్పిన మన ఎగ్జిట్ పోల్స్ ఓటు వేసి వచ్చిన వారిని అడిగినవి. ఇక్కడ ఇప్పుడు వస్తున్నవి ఇంకా ఓటు వేయని వారి ఉద్దేశాన్ని అడిగినవి. ఇక్కడి ఎగ్జిట్ పోల్‌ను బీబీసీ, ఐటీవీ, స్కై కలిసి చేయిస్తాయి. పోలింగ్ ముగిసే రాత్రి 10 గంటల వరకు దాన్ని బయటపెట్టడం చట్టవిరుద్ధం. దాని చరిత్ర చాలా బాగుంది, ఒపీనియన్ పోల్స్ చరిత్ర మాత్రం మిశ్రమం.

వెయ్యి మందిని అడిగిన సర్వేలో ఒక పార్టీ శాతం మూడు అటూ ఇటూ కావచ్చునని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆచరణలో పొరపాటు అంతకంటే పెద్దది. అందుకే బ్రిటిష్ పోలింగ్ కౌన్సిల్ తన సభ్య సంస్థల చేత, అసలు విలువ తమ అంచనాకు నాలుగు శాతం లోపు ఉండే అవకాశం పదింట తొమ్మిది పాళ్లు అని చెప్పిస్తోంది. ఒక పార్టీకే నాలుగు తేడా వస్తే, ఇద్దరి మధ్య అంతరంలో ఆ తేడా ఏడెనిమిది దాకా పోవచ్చు. ఇది ఊహ కాదు. 1992లో చివరి సర్వేలు లేబర్‌కు స్వల్ప ఆధిక్యం చూపితే, జాన్ మేజర్ నాయకత్వంలోని కన్జర్వేటివ్‌లు ఏడున్నర శాతం ఆధిక్యంతో గెలిచారు. 2015లో రెండు పార్టీలూ సమానమని చెప్పగా డేవిడ్ కామెరాన్ ఆరున్నర శాతం ఆధిక్యంతో సొంత మెజారిటీ సాధించారు. ఆ వైఫల్యంపై ప్రొఫెసర్ పాట్రిక్ స్టర్జిస్ అధ్యక్షతన విచారణ జరిగింది. జనం అబద్ధం చెప్పడమో చివరి క్షణంలో మనసు మార్చుకోవడమో అసలు కారణం కాదని, ఎంచుకున్న నమూనాలోనే లేబర్ మద్దతుదారులు ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉన్నారని అది తేల్చింది. రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవారు సర్వేలకు సులభంగా దొరుకుతారు. రోజంతా పనిలో ఉండి ఫోన్ ఎత్తని వారు, ఆన్‌లైన్ ప్యానెళ్లలో చేరని వారు దొరకరు. ఎంత మందిని అడిగామన్నది కాదు, ఎవరిని అడగలేకపోయామన్నదే ఈ వృత్తిలో నిత్యం వేధించే ప్రశ్న.

ఇప్పుడు కన్జర్వేటివ్‌ల మీద లేబర్‌కు ఉన్న ఆధిక్యం సుమారు ఇరవై శాతం. చరిత్రలోని అతి పెద్ద పొరపాట్లను అందులోంచి తీసివేసినా పన్నెండు శాతం దాకా మిగులుతుంది. కాబట్టి ఎవరు గెలుస్తారన్న విషయంలో నాకు పెద్దగా అనుమానం లేదు. ఎంతతో గెలుస్తారన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఇక నిన్నటి మూడు సర్వేలు. వీటిని ఎంఆర్‌పీ పద్ధతి అంటారు. దేశమంతటా వేలాది మందిని అడిగి, వయసు, చదువు, సొంత ఇల్లా అద్దె ఇల్లా, గత ఎన్నికల్లో ఎవరికి వేశారు అన్న లక్షణాల వారీగా ఎవరు ఎటు మొగ్గుతున్నారో లెక్కగడతారు. ఆ తరువాత ఒక్కో నియోజకవర్గంలో అలాంటి వారు ఎందరున్నారో జనాభా లెక్కల నుంచి తీసుకుని, ఆ మొగ్గును గుణించి కూడతారు. యూగవ్ దాదాపు 40 వేల మందిని అడిగింది. ఉత్తర ఐర్లాండ్‌ను మినహాయిస్తే 632 నియోజకవర్గాలు ఉన్నాయి కనుక, సగటున మీ ఎర్లీ అండ్ వుడ్లీలో అడిగింది అరవై మూడు మందిని. మీ నియోజకవర్గం పక్కన కనిపించే శాతం ఆ అరవై మూడు మంది మాట కాదు. మీ ఊరి వంటి ఊళ్లలో మీ వంటి వారు ఏమంటున్నారన్న దాని నుంచి కట్టిన అంచనా.

ఆ కట్టడంలోనే సంస్థల దారులు వేరవుతాయి. "ఇంకా నిర్ణయించుకోలేదు" అన్నవారిని కొందరు లెక్క నుంచి తొలగిస్తారు. మోర్ ఇన్ కామన్ వంటి వారు, అలాంటి వారిలో 2019లో కన్జర్వేటివ్‌లకు వేసినవారు ఎక్కువ కనుక వారిలో కొందరు తిరిగి ఆ గూటికే చేరతారని లెక్కవేస్తారు. ఈ ఒక్క నిర్ణయంతోనే అంతరం కొన్ని శాతాలు తగ్గుతుంది. పైగా ఇక్కడ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు కనుక, పదుల సీట్లలో రెండు మూడు శాతాల తేడా మాత్రమే ఉన్నప్పుడు జాతీయ స్థాయిలో చిన్న మార్పు కూడా సీట్ల అంకెను కుదిపేస్తుంది. 53కు, 155కు మధ్య సీట్లలో తేడా మూడు రెట్లు ఉన్నా, ఓట్ల శాతాల్లో తేడా అంత లేదు. ఈసారి నైజెల్ ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకే చీల్చే ఓటు ఈ అనిశ్చితిని ఇంకా పెంచింది. 13వ తేదీ నాటి ఒక యూగవ్ సర్వేలో ఆ పార్టీ 19 శాతంతో, 18 శాతం ఉన్న కన్జర్వేటివ్‌లను దాటింది కూడా.

కరపత్రం విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: దాన్ని పక్కన పెట్టండి. కౌన్సిల్ ఎన్నికల్లో రోడ్ల గుంతలకు, చెత్త బండ్లకు పడే ఓటు వేరు, పార్లమెంటుకు పడే ఓటు వేరు. కొత్త నియోజకవర్గంలో 2019 ఫలితాన్ని కొత్త సరిహద్దులకు మలిచి కట్టిన అంచనాలు ఉంటాయి, వాటిని ఎంఆర్‌పీతో కలిపి చూడండి.

---

లండన్ పాతకాపు, 21 జూన్ 2024

సర్వేల గురించి పై మిత్రులు వివరంగా రాశారు. హామీల సంగతి నేను చెబుతాను. 1997 నుంచి ఇక్కడి ప్రతి ఎన్నికనూ దగ్గరగా చూస్తున్నాను, చాలా మేనిఫెస్టోలు అక్షరం వదలకుండా చదివాను.

జవాబుదారీ ఎవరని అడిగారు. న్యాయస్థానం కాదు. యూరప్ రాజ్యాంగ ఒప్పందంపై ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని 2005లో లేబర్ ఇచ్చిన హామీని, దాని స్థానంలో వచ్చిన లిస్బన్ ఒప్పందానికి వర్తింపజేయాలని స్టూవర్ట్ వీలర్ అనే వ్యాపారవేత్త కోర్టుకు వెళ్తే, 2008లో హైకోర్టు కొట్టివేసింది. అది రాజకీయ వాగ్దానమే తప్ప చట్టబద్ధమైన హక్కు కాదన్నది ఆ తీర్పు సారాంశం. అయితే మేనిఫెస్టోకు మరో రకమైన బరువుంది. గెలిచిన పార్టీ తన మేనిఫెస్టోలో చెప్పిన బిల్లును తెస్తే పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ దాన్ని రెండో పఠనంలో తిరస్కరించకూడదన్న సాల్స్‌బరీ సంప్రదాయం 1945 నుంచి నడుస్తోంది. అంటే మేనిఫెస్టో ఓటరుకు ఇచ్చే హామీపత్రం కావడం కంటే, ప్రభుత్వం పార్లమెంటులో వాడుకునే అనుమతిపత్రం కావడమే ఎక్కువ. అందులో లేని పని చేయకూడదన్న నిషేధం ఎక్కడా లేదు.

మాట తప్పిన చరిత్ర అందరికీ ఉంది. ట్యూషన్ ఫీజు పెంపునకు వ్యతిరేకంగా ఓటు వేస్తామని 2010లో లిబరల్ డెమొక్రాట్ అభ్యర్థులు సంతకాలు పెట్టి ఫొటోలు దిగారు. అదే ఏడాది డిసెంబరులో, సంకీర్ణ ప్రభుత్వంలో భాగస్వాములుగా ఉండి ఫీజు పరిమితిని 9 వేల పౌన్లకు పెంచారు. 2015లో వారి సీట్లు 57 నుంచి 8కి పడిపోయాయి. శిక్ష వేసింది ఓటరే. వలసలను ఏడాదికి లక్షలోపుకు దించుతామని కన్జర్వేటివ్‌లు 2010, 2015, 2017 ఎన్నికల్లో చెప్పారు. 2023లో నికర వలస 6 లక్షల 85 వేలని జాతీయ గణాంక కార్యాలయం గత నెలలో ప్రకటించింది. ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, వ్యాట్ రేట్లు పెంచబోమని 2019లో బోరిస్ జాన్సన్ చెప్పారు, 2021 సెప్టెంబరులో నేషనల్ ఇన్సూరెన్స్‌ను ఒకటింబావు శాతం పెంచుతున్నట్టు ప్రకటించారు. కోవిడ్ కారణమన్నారు. అది కొంతవరకు నిజమే, తరువాత ఆ పెంపును ఉపసంహరించారు కూడా. కానీ ఇప్పుడు మీరు చదువుతున్న లేబర్ వాక్యం దాదాపు అదే వాక్యమని గుర్తుంచుకోండి.

కాబట్టి నేను మేనిఫెస్టోలో రాసినదాని కంటే రాయనిదాన్ని జాగ్రత్తగా వెతుకుతాను. మీ జీతం చీటీ తీసి చూడండి. ట్యాక్స్ కోడ్ దగ్గర చాలామందికి ఉన్నట్టే మీకూ 1257ఎల్ అని ఉండవచ్చు. మొదటి 12,570 పౌన్ల మీద పన్ను లేదని దాని అర్థం. ఆ పరిమితి 2021 నుంచి కదలలేదు, 2028 ఏప్రిల్ వరకు కదలదు. 40 శాతం పన్ను మొదలయ్యే 50,270 పౌన్ల గీత కూడా అంతే. ఈలోగా ధరలు పెరిగాయి, ధరలతోపాటు జీతాలు పెరిగాయి. జీతం పెరిగినప్పుడల్లా అందులో మరికొంత పన్ను గీత పైకి వెళ్తోంది. రేటు పెరగలేదు, పన్ను పెరిగింది. రేట్లు పెంచబోమన్న హామీ ఈ వాస్తవాన్ని తాకదు. పాము చావకుండా, కర్ర విరగకుండా రాసిన వాక్యమది. ఈ గీతల స్తంభనను రెండు పెద్ద పార్టీలూ కొనసాగిస్తున్నాయి. పెన్షనర్లకు మాత్రం కన్జర్వేటివ్‌లు మినహాయింపు ఇస్తామంటున్నారు.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు వస్తే, కన్జర్వేటివ్‌లు ఏడాదికి సుమారు 1,700 కోట్ల పౌన్ల పన్ను కోతలు ప్రకటించి, 1,200 కోట్లు సంక్షేమ వ్యయం తగ్గించి, 600 కోట్లు పన్ను ఎగవేతను అరికట్టి తెస్తామంటున్నారు. ఎగవేతను అరికట్టడమన్నది ప్రతి పార్టీ ప్రతి ఎన్నికలోనూ లెక్క సరిపోనప్పుడు రాసుకునే పద్దు. లేబర్ కూడా దాన్నే వాడుకుంది, దానికి ప్రైవేటు పాఠశాలల ఫీజులపై వ్యాట్‌ను చేర్చింది. ఇవేవీ అసలు సమస్యను తాకవు. ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే స్వతంత్ర పరిశోధన సంస్థ చెబుతున్నది ఇది: మార్చి బడ్జెట్‌లో వేసుకున్న వ్యయ ప్రణాళిక ప్రకారమే నడిస్తే ఆరోగ్యం, పాఠశాలలు, రక్షణ వంటి వాటికి కేటాయింపులు పోగా, మిగిలిన శాఖలకు ఏడాదికి 1,000 నుంచి 2,000 కోట్ల పౌన్ల దాకా కోత పడుతుంది. మిగిలిన శాఖలంటే కోర్టులు, జైళ్లు, కళాశాలలు, కౌన్సిళ్లకు వచ్చే నిధులు. మీకు దగ్గరలోని స్లౌ కౌన్సిల్ 2021లోనే చేతులెత్తేసి, ఖర్చుకు సరిపడా ఆదాయం లేదని ప్రకటించే 114వ సెక్షన్ నోటీసు ఇచ్చింది, నిరుడు బర్మింగ్‌హామ్ ఇచ్చింది. ఆ కోతలు అమలు చేస్తారా, పన్ను పెంచుతారా, అప్పు చేస్తారా? ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగి తీరాలి. ఏది జరుగుతుందో పెద్ద పార్టీలు రెండూ చెప్పడం లేదు. దీన్నే ఆ సంస్థ డైరెక్టర్ పాల్ జాన్సన్ మౌన కుట్ర అన్నారు.

ఇక్కడే మీ రెండు ప్రశ్నలూ కలుస్తాయని నా అభిప్రాయం. ఇరవై శాతం ముందున్న పార్టీకి కొత్తగా ఏమీ చెప్పకపోవడమే లాభం. పలికిన ప్రతి మాటా ఎవరో ఒకరిని దూరం చేస్తుంది. అందుకే పర్యావరణ పెట్టుబడికి ఏడాదికి 2,800 కోట్ల పౌన్లన్న తన పాత మాటను లేబర్ ఫిబ్రవరిలోనే విడిచిపెట్టింది. ఓటమి ఖాయమనుకున్న పార్టీకి అరచేతిలో వైకుంఠం చూపించడంలో నష్టం లేదు, ఎలాగూ అమలు చేయవలసిన అవసరం రాదు. రిఫార్మ్ పన్ను లేని ఆదాయాన్ని ఒక్కసారిగా 20 వేల పౌన్లకు పెంచుతామనడం కూడా ఆ కోవలోదే. సర్వేల అంకెలు హామీల రూపాన్ని మార్చేస్తున్నాయి. దగ్గరి పోటీ ఉంటే ఇద్దరూ ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చేది.

అంకెల విషయంలో మరొక జాగ్రత్త. 4వ తేదీ టీవీ చర్చలో రిషి సునాక్ లేబర్ వస్తే కుటుంబానికి 2 వేల పౌన్ల పన్ను పెరుగుతుందని పదే పదే అన్నారు. అది నాలుగేళ్ల మొత్తమని ఆ చర్చ విన్నవారికి తెలిసే వీలు లేదు. దాన్ని సివిల్ సర్వీస్ లెక్కగా చెప్పవద్దని ట్రెజరీ (ఆర్థిక శాఖ) ఉన్నతాధికారి ముందే లేఖ రాశారు, గణాంక నియంత్రణ సంస్థ కూడా తప్పుపట్టింది. ఏ పార్టీ ఏ అంకె చెప్పినా, అది ఏడాదికా, మొత్తం పదవీకాలానికా అన్నది మొదట చూడండి.

---

లెస్టర్ అక్క, 22 జూన్ 2024

పాతకాపు గారు, మీరు రాసినవన్నీ నిజమే కావచ్చు, కానీ జీతం చీటీలో 40 శాతం గీత చూసుకోవలసిన వారి వైపు నుంచే రాశారు. నేను వృద్ధులను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తాను. మార్చి 11 తరువాత కేర్ వర్కర్ వీసా మీద వచ్చేవారు భర్తనూ పిల్లలనూ తెచ్చుకునే వీలు లేదు. ఏప్రిల్ నుంచి స్కిల్డ్ వర్కర్ జీతం గీతను 38,700 పౌన్లకు పెంచారు. వీసాతోపాటు కట్టే ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 1,035 పౌన్లయింది, మళ్లీ గెలిస్తే దాన్ని ఇంకా పెంచుతామని కన్జర్వేటివ్‌లు రాశారు, వలసలకు ఏటేటా పరిమితి పెడతామన్నారు. లేబర్ కూడా నికర వలసను తగ్గిస్తామనే రాసింది, ఈ నిబంధనలను వెనక్కి తీసుకుంటామని ఎక్కడా రాయలేదు. మాతో పనిచేసే అమ్మాయిలు చాలామంది లేబర్ వస్తే పిల్లలను తెచ్చుకోవచ్చని ఆశపడుతున్నారు. మేనిఫెస్టోలో లేని ఆశ అది. వారికి ఎవరైనా స్పష్టంగా చెప్పాలి. కేర్ రంగంలో జీతాలకు ఒక న్యాయమైన ఒప్పందం తెస్తామని మాత్రం లేబర్ రాసింది. నా దృష్టిలో ఈ ఎన్నికల్లో మా వంటి వారికి నిజంగా విలువైన వాక్యం అదొక్కటే. అదెప్పుడు అమలవుతుందో, దానికి ఎంత డబ్బు కేటాయిస్తారో మాత్రం అందులో లేదు.

సర్వేల విషయంలోనూ నాకు అభ్యంతరం ఉంది. మన దేశంలో పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు ఒపీనియన్ పోల్స్ ప్రసారం చేయకూడదు. ఇక్కడ ఆ ఆంక్ష కూడా లేదు, పోలింగ్ ముందు రోజు దాకా అంకెలు కురుస్తూనే ఉంటాయి. టీవీ పెడితే కేర్ హోములలో సిబ్బంది కొరత గురించి అయిదు నిమిషాలు ఉండదు, సర్వేల గురించి గంట ఉంటుంది. ఫలితం తేలిపోయిందని విని, రాత్రి షిఫ్ట్ చేసి వచ్చినవారు ఓటు వేయకుండా పడుకుంటే ఆ తప్పు ఎవరిది? రక్షణ మంత్రి గ్రాంట్ షాప్స్ కూడా ఇప్పుడు తాము గెలుస్తామని చెప్పడం మానేసి, లేబర్‌కు మరీ పెద్ద మెజారిటీ ఇవ్వకండి అంటున్నారు. ఒక ప్రధాన పార్టీ ప్రచారమే సర్వే చుట్టూ తిరిగే స్థితికి వచ్చింది.

---

సర్వే లెక్కలు, 22 జూన్ 2024

అక్క గారు, మీ బాధ నాకు అర్థమైంది, నిషేధంతో మాత్రం ఏకీభవించలేను. సర్వేలు బహిరంగంగా రాకపోతే ఆగిపోవు, పార్టీలు, బ్యాంకులు, పందేలు కాసేవారు సొంతంగా చేయించుకుంటారు. ఓటరుకు మాత్రమే తెలియకుండా పోతుంది. ఇక్కడ పోలింగ్ కౌన్సిల్ సభ్యులు ప్రశ్నను యథాతథంగా, పట్టికలతో సహా ప్రచురించవలసి ఉంటుంది. మన దగ్గర సర్వేల నమూనా ఎంతో, ఎలా తీశారో చాలాసార్లు చెప్పరు. మనం కోరవలసింది ఆ పారదర్శకత అని నా నమ్మకం.

అయితే మెజారిటీ గురించి మీరన్నదానికి ఒకటి కలుపుతాను. 650 సీట్ల సభలో 326 వస్తే ఏ చట్టమైనా చేయవచ్చు. మన దేశంలో రాజ్యాంగ సవరణకు కావలసినట్టు మూడింట రెండు వంతుల మెజారిటీ అవసరం ఇక్కడ లేదు. కాబట్టి మెజారిటీ 50 అయినా 250 అయినా అధికారం ఒకటే, సొంత పార్టీలో తిరుగుబాటుదారులను లెక్కచేయకుండా ఉండే వెసులుబాటే తేడా. సర్వే ఆధిక్యం కరిగిపోదని కూడా అనుకోవద్దు. 2017 ఏప్రిల్‌లో థెరిసా మే దాదాపు ఇరవై శాతం ఆధిక్యం చూసే ఎన్నికలకు వెళ్లారు. వృద్ధుల సంరక్షణ ఖర్చును వారి ఇంటి విలువ నుంచి రాబట్టే హామీని మే 18న మేనిఫెస్టోలో పెట్టి, నాలుగు రోజులకే సవరించుకున్నారు. చివరికి 317 సీట్లతో మెజారిటీ కోల్పోయారు. అది కూడా మీ కేర్ రంగం గురించిన హామీయే. డబ్బు ఎక్కడిదో చెప్పిన హామీ ఆమెను ముంచింది, ఆ పాఠం నేర్చుకున్నవారే ఇప్పుడు మౌనంగా ఉన్నారు. పాతకాపు గారి వాదనకు ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు తోచడం లేదు.

---

ఎర్లీ నివాసి, 23 జూన్ 2024

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. జీతం చీటీ చూశాను, 1257ఎల్ అనే ఉంది. లేబర్, కన్జర్వేటివ్, లిబరల్ డెమొక్రాట్ అభ్యర్థులు ముగ్గురికీ ఒకే ప్రశ్న ఈ-మెయిల్‌లో పంపించాను: ఈ పన్ను గీతల స్తంభన, కౌన్సిళ్ల నిధుల కోత, ఈ రెండింటిలో మీ పార్టీ దేన్ని మారుస్తుంది? లెస్టర్ అక్క గారు చెప్పిన మీదట కేర్ వర్కర్ల కుటుంబాల గురించి కూడా ఒక వాక్యం చేర్చాను. పోలింగ్ కేంద్రానికి ఫొటో గుర్తింపు కార్డు తప్పనిసరి అని విన్నాను, భారత పాస్‌పోర్టు సరిపోతుందా?

---

లండన్ పాతకాపు, 23 జూన్ 2024

సరిపోతుంది. కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టులు, బీఆర్‌పీ (నివాస అనుమతి) కార్డు రెండూ చెల్లుతాయి. ఉద్యోగ గుర్తింపు కార్డు చెల్లదు. ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు వేయవచ్చు, 10 గంటలకు వరుసలో నిలబడి ఉంటే వేయనిస్తారు.

---

సర్వే లెక్కలు, 6 జూలై 2024

ఫలితాలు వచ్చాయి కనుక లెక్క చూద్దాం. లేబర్ 33.7 శాతం ఓట్లతో 411 సీట్లు గెలిచింది. కన్జర్వేటివ్‌లకు 23.7 శాతం, 121 సీట్లు. లిబరల్ డెమొక్రాట్లకు 12.2 శాతం, 72 సీట్లు. రిఫార్మ్‌కు వారి కంటే ఎక్కువగా 14.3 శాతం వచ్చినా దక్కినవి 5 సీట్లే.

సీట్ల అంచనాలు చాలావరకు దగ్గరగా వచ్చాయని పత్రికలు మెచ్చుకుంటున్నాయి. ఎగ్జిట్ పోల్ లేబర్‌కు 410 చెప్పింది, అది అద్భుతమే. కానీ ఒపీనియన్ పోల్స్ చూపిన ఇరవైకి దగ్గరి అంతరం పెట్టెలు తెరిచాక పది శాతమే అయింది. 1992తో పోల్చదగిన పొరపాటు ఇది. గెలిచినవారు మారలేదు కనుక ఎవరూ విచారణ అడగడం లేదు. అడగాలని నా అభిప్రాయం. లేబర్‌కు ఈసారి వచ్చిన మొత్తం ఓట్లు 2019లో ఓడిపోయినప్పుడు వచ్చిన వాటికంటే తక్కువ. అక్క గారు భయపడినట్టే ఓటింగ్ 60 శాతం దగ్గర ఆగిపోయింది. అందుకు సర్వేలు ఎంత కారణమో తేల్చడం సులభం కాదు.

ఎర్లీ నివాసి గారు, మీ నియోజకవర్గంలో లేబర్ అభ్యర్థి వెయ్యి ఓట్ల లోపు ఆధిక్యంతో గెలిచారు. రెండో స్థానం కన్జర్వేటివ్‌లది.

---

లెస్టర్ అక్క, 10 నవంబర్ 2024

ఈ చర్చ మళ్లీ చదివాను. అక్టోబరు 30 బడ్జెట్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ యజమానుల వాటాను 13.8 నుంచి 15 శాతానికి పెంచారు, అది మొదలయ్యే గీతను 9,100 నుంచి 5,000 పౌన్లకు దించారు. ఉద్యోగుల చీటీలో ఏమీ మారలేదు కనుక మాట తప్పలేదని ప్రభుత్వం అంటోంది. మేనిఫెస్టోలో నేషనల్ ఇన్సూరెన్స్ అని మాత్రమే ఉందని, ఎవరి వాటా అన్నది లేదని ప్రతిపక్షం అంటోంది. నేను ఆ వాక్యాన్ని మళ్లీ చదివాను. శ్రామికుల మీద పన్ను పెంచబోమని మొదలై, అందుచేత నేషనల్ ఇన్సూరెన్స్ పెంచబోమని సాగుతుంది. రెండు వాదనలకూ చోటు వదిలి రాశారు. పెన్షనర్లలో ఎక్కువ మందికి చలికాలపు ఇంధన భత్యం ఆపేస్తామన్నది మాత్రం మేనిఫెస్టోలో ఎక్కడా లేదు, జూలై నెలాఖరులోనే ప్రకటించారు.

23 వేల పౌన్ల జీతం ఉన్న ఒక కేర్ వర్కర్ మీద యజమాని వచ్చే ఏప్రిల్ నుంచి ఏడాదికి దాదాపు 780 పౌన్లు అదనంగా కట్టాలి. చిన్న యజమానులకు కొంత మినహాయింపు ఉంది, ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) వంటి ప్రభుత్వ సంస్థలకు ఆ మొత్తం తిరిగి ఇస్తారు. ప్రైవేటు కేర్ హోములకు, జీపీ (కుటుంబ వైద్యుల) క్లినిక్‌లకు ఇవ్వరు. మా దగ్గర వచ్చే ఏప్రిల్ రోస్టర్‌లో రాత్రి షిఫ్ట్‌కు ఒకరిని తగ్గించే ఆలోచన ఉందని నిన్న సమావేశంలో చెప్పారు. న్యాయమైన జీతాల ఒప్పందం గురించి మా ఎంపీకి లేఖ రాశాను. ఈ చర్చలో ఉన్న వారెవరైనా తమ ఎంపీలకు రాయదలిస్తే, అడగవలసినవి రెండు: ఏ తేదీ నుంచి, ఎవరి డబ్బుతో.